తెవికీలో తిప్పతీగ పేజీ మీద నెలరోజుల గొడవ, వైద్యం మూలాల తగాదా ఎలా తేల్చుకోవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. నేను తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, ఎక్కువగా ఊళ్ళ పేజీలూ మొక్కల పేజీలూ రాస్తుంటాను, వైద్యం నా సబ్జెక్టు కాదు. నెల కిందట తిప్పతీగ వ్యాసంలో ఒక వాడుకరి "రోగనిరోధక శక్తిని పెంచుతుంది, షుగర్ తగ్గిస్తుంది, డెంగీలో ప్లేట్‌లెట్లు పెంచుతుంది" అని ఒకే వాక్యంలో మూడూ కుక్కి, కింద ఏడు మూలాలు పెట్టారు. ఏడూ తెరిచి చూశాను. రెండు ఎలుకల మీద చేసినవి, ఒకటి టెస్ట్ ట్యూబులో కణాల మీద, ఒకటి పేపరువాళ్ళ ఆదివారం పుస్తకంలో చిట్కాల పేజీ, ఇంకోటి సాక్షాత్తూ ఆ పొడి అమ్మే సైటు. మిగతా రెండు లింకులూ తెరుచుకోనే లేదు. వాక్యం తీసేశాను. సాయంత్రానికి మళ్ళీ ప్రత్యక్షం. మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టారు, ఇప్పుడు చరిత్ర ట్యాబు చూస్తే మా ఇద్దరి పేర్లు తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇందులో నా తప్పూ ఉంది, దాచుకోవడం దేనికి. ఆయన వాక్యం స్థానంలో నేను "తిప్పతీగ కాలేయాన్ని దెబ్బతీస్తుంది" అని రాసి, 2021లో ముంబయి డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాసిన పేపరు పెట్టాను. ఆయన చర్చా పేజీలో ఒకటే మాట అడిగారు: "నా ఎలుకలు పనికిరాకపోతే మీ ఆరుగురు ఎలా పనికొస్తారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషు వికీలో వైద్య మూలాల మార్గదర్శకం ఉంది కదా అని లింకిస్తే, అది వాళ్ళ రూలు, తెలుగులో ఎవరు ఒప్పుకున్నారు అన్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

కొలిమి:
ఆయన రెండు మాటల్లోనూ న్యాయం ఉందండీ. ఏ భాష వికీ నియమాలు ఆ భాష సముదాయమే పెట్టుకుంటుంది, ఇంగ్లీషు మార్గదర్శకం తెచ్చి ఇక్కడ శాసనంలా చదివితే కుదరదు. కాకపోతే మూలం ఉండాలి, తటస్థంగా ఉండాలి అన్నవి అన్ని వికీలకూ ఉన్నవే. ఆ ఇంగ్లీషు పేజీ లింకు పక్కన పెట్టి, అందులోని కారణాన్ని మీ మాటల్లో చెప్పండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కారణం పెద్ద విషయం కాదు. ఒక్క ప్రయోగం తప్పు కావచ్చు, పత్రిక ఎంత పెద్దదైనా సరే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎమ్మెమ్మార్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపరు 1998లో లాన్సెట్ లాంటి పేరున్న వైద్య పత్రికలోనే వచ్చింది, పన్నెండు మంది పిల్లల మీద. లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఆ పన్నెండేళ్ళలో "లాన్సెట్‌లో ఉంది కదా" అని ఎంతమంది అనుంటారో ఊహించుకోండి. అందుకే ఒకే అంశం మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి తూచిన సమీక్షలూ (రివ్యూలు), వైద్య సంస్థల మార్గదర్శకాలూ ముందు చూడమంటారు, అవీ వీలైతే గత ఐదేళ్ళలోవి.

ఇక ఎలుకలూ, ఆరుగురూ. ఏ మూలమైనా ఎంత బరువు మోయగలదో అంత వాక్యమే దాని మీద పెట్టాలి. ఎలుకల పేపరు "మనుషుల్లో షుగర్ తగ్గిస్తుంది" అన్న వాక్యాన్ని మొయ్యలేదు. అలాగే ఆరుగురి పేపరు "కాలేయాన్ని దెబ్బతీస్తుంది" అన్న మీ వాక్యాన్నీ మొయ్యలేదు, ఎందుకంటే ఎంతమంది తాగితే ఆరుగురికి వచ్చిందో అందులో ఉండదు. మీరిద్దరూ ఒకే తప్పు చెరో వైపు నుంచి చేశారు. 2022లో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగులతో ఇంకో పేపరు వచ్చింది, అదీ రోగుల వివరాలు పోగేసిందే. అయితే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళు, మందులూ మూలికల వల్ల కాలేయానికి కలిగే హాని గురించి నడిపే లివర్‌టాక్స్ అనే సైటులో ఈ మొక్కకు విడిగా ఒక పేజీ ఉంది, అది ఇలాంటి కేసులన్నీ కలిపి చూసి రాసేది. దాన్ని పెట్టి "తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు నివేదికలున్నాయి" అని రాస్తే ఎవరూ కదపలేరు.

వేపచెట్టు:
ప్లేట్‌లెట్లంటే బొప్పాయాకు రసం కదా, ఈ లిస్టులోకి తిప్పతీగ ఎప్పుడొచ్చింది 🙂

సరదా పక్కన పెడితే, డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆ గండం గడిచాక చాలామందికి వాటంతటవే పెరుగుతాయి. నాలుగో రోజున ఏ రసం మొదలుపెట్టినా ఏడో రోజుకు అంకె పెరిగి కనిపిస్తుంది, పేరు రసానికి వస్తుంది. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, మా అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోదు. రసం ఇవ్వనివాళ్ళను పక్కన పెట్టి పోల్చని ఏ అధ్యయనాన్నీ ఈ వాక్యానికి రానివ్వకండి.

గుడూచి_భిషక్:
నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, కాబట్టి నా వైపు మొగ్గు ఉంటుందని ముందే చెప్తున్నా. శుభ్రం చేసే పేరుతో సంప్రదాయం మొత్తాన్ని చెరిపేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఆయుర్వేదంలో గుడూచిని (తిప్పతీగకు సంస్కృతం పేరు) జ్వరాలకు వాడతారు" అన్నది చరిత్ర, దానికి మూలికల గుణాలు చెప్పే మంచి ద్రవ్యగుణ గ్రంథం చాలు, ప్రయోగాలు అక్కర్లేదు. "జ్వరం తగ్గిస్తుంది" అన్నది వేరే మాట, అక్కడ కొలిమి గారు చెప్పిన తూకమే వెయ్యండి, నేను అడ్డు చెప్పను. ఈ రెండూ ఒకే పేరాలో కలిసిపోబట్టే మీకీ తగాదా, వేరువేరు విభాగాలు చెయ్యండి.

ఇంకోటి, ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనూ 2022లోనూ ఈ కాలేయం వాదనను ఖండించింది. వేరే జాతి తీగ, టినోస్పోరా క్రిస్పాతో పొరబడే అవకాశం ఉందని కూడా అంది. అది కూడా పేజీలో ఉండాలి, ఎవరన్నారో చెప్పి. మంత్రిత్వ శాఖ ఒక మాట అంది అనడానికి వార్తాపత్రిక చాలు, ఆ మాట నిజమా కాదా అనడానికి చాలదు.

పాతకాపు:
రివ్యూ అని రాసుంటే కళ్ళు మూసుకుని పెట్టేయకండి. కోవిడ్‌లో ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు గుర్తుందా? 2021 మేలో గోవాలో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళందరికీ ఇస్తామని ప్రకటించారు. దానికి అనుకూలంగా మెటా అనాలిసిస్‌లు, అంటే చాలా ప్రయోగాల అంకెలు కలిపి లెక్కకట్టిన రివ్యూలు, కూడా వచ్చాయి, కానీ వాటిలో కొన్నిటికి పెద్ద ఆధారంగా నిలిచిన ఈజిప్టు ప్రీప్రింటును (ఇతర నిపుణులు పరిశీలించకముందే ఆన్‌లైన్లో పెట్టిన పేపరు) డేటా తేడాలు బయటపడ్డాక 2021 జులైలో తీసేశారు. దాంతో ఆ లెక్కలు మళ్ళీ వెయ్యాల్సొచ్చింది. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైటులో వెతికేటప్పుడు ఎడమ పక్కన సిస్టమాటిక్ రివ్యూ అన్న టిక్కు పెట్టండి, వెనక్కి తీసుకున్న పేపరైతే పైనే హెచ్చరిక ఉంటుంది, అది చూసుకోండి. డబ్బు కడితే ఏదైనా అచ్చేసే జర్నళ్ళ రివ్యూలు మన మూలికల మీద కుప్పలు, ఆయన రేపు వాటితో వస్తారు, సిద్ధంగా ఉండండి.

పద్ధతి విషయానికొస్తే ముందు ఒకరి మార్పును ఇంకొకరు తిరగ్గొట్టడం ఆపండి. ఇంగ్లీషులో అయితే 24 గంటల్లో మూడుసార్లు దాటితే నిరోధం పడొచ్చు, అంటే ఇక మార్పులు చెయ్యనివ్వరు, ఇక్కడ మనం పట్టుమని పదిమందిమి, నిరోధం దాకా వస్తే మిగిలేది ఎవరు? చర్చా పేజీలో ఒక్క వాక్యం తీసుకోండి, మొత్తం వ్యాసం కాదు. ఆయన పాఠం, మీ పాఠం ఒకదాని కింద ఒకటి పెట్టి, దేనికి ఏ మూలం, ఆ మూలంలో ఏ పేజీలో ఏముంది రాయండి. తర్వాత ఈ వ్యాసంలో వేలు పెట్టని మూడో మనిషిని పిలవండి. అప్పటికీ తేలకపోతే రచ్చబండ, అంటే తెవికీలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ. అక్కడ చేతులు లెక్కపెట్టి తేల్చరు, వాదన చూస్తారు. అందుకని మీ స్నేహితులను వెంటేసుకుని రాకండి, ఆయన్నీ తేనివ్వకండి.

గోదారిగట్టు:
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, పరీక్షల డ్యూటీలో పడి రాలేకపోయాను. ముందు నా కాలేయం వాక్యం నేనే తీసేసి, ఆరుగురి విషయంలో మీరన్నది నిజమేనని చర్చా పేజీలో రాశాను. అంతవరకూ ఒంటి మాటల్లో జవాబిచ్చిన మనిషి ఆ రోజు రెండు పేరాలు రాశారు! సంప్రదాయ వాడుక ఒక విభాగం, పరిశోధనలు ఒకటి, భద్రత ఒకటి చేశాం. ఎలుకల మాట "జంతువులపై ప్రయోగాలు జరిగాయి" అన్నంతవరకే మిగిలింది, ప్లేట్‌లెట్లు పోయాయి. లివర్‌టాక్స్ పక్కనే ఆయుష్ ఖండన పెట్టాం, దాని పదాల దగ్గర రెండు రోజులు పట్టింది. ఆయనకు "ఖండించింది" కావాలి, నాకు "విభేదించింది". మూడో మనిషి వచ్చి ప్రకటన చదివి, అది ఖండనే అన్నారు, సరేనన్నాను.

అమ్మే సైటు లింకును మాత్రం ఇవాళ పొద్దున ఎవరో ఐపీ అడ్రసు నుంచి బయటి లింకుల్లో మళ్ళీ పెట్టారు. నేను వెళ్ళేసరికి ఆయనే తీసేశారు.