బెంచీ బాగుపడితే యోకిచ్ విలువ తగ్గినట్టా?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పొద్దున్నే రొయ్యల చెరువు గట్టు మీద, మేత బస్తాకి ఫోన్ ఆనించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని డెన్వర్ నగ్గెట్స్ జట్టు ఆటలు చూస్తుంటాను. ఆ జట్టు స్టార్ యోకిచ్ అంటే ప్రాణం. 2021, 2022, 2024లో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు), 2023లో జట్టుకి లీగ్ టైటిల్. అతను విశ్రాంతికి బయట కూర్చుని బెంచీ (అంటే బదులుగా దిగే ఆటగాళ్లు) ఆడితే చాలు, ఆధిక్యం కరిగిపోయేది, నాకు టెన్షన్ మొదలయ్యేది.

2025లో ఆ బెంచీని బలపరచడానికి వలన్చూనస్, హార్డవే జూనియర్ అనే ఆటగాళ్లు వచ్చారు. టైటిల్ జట్టులోని బ్రూస్ బ్రౌన్ కూడా తిరిగొచ్చాడు, ఆ రోజు నాకు పండగే.

నా సందేహం ఇది. ప్లస్-మైనస్ (కొంతసేపట్లో జట్టు ప్రత్యర్థి కంటే ఎన్ని పాయింట్లు ఎక్కువ, తక్కువ చేసిందనే లెక్క)లో యోకిచ్ ఆడుతున్నప్పటి అంకెకీ, కూర్చున్నప్పటి అంకెకీ మధ్య ఉండే తేడా తగ్గితే అతని విలువ తగ్గినట్టేనని మా తమ్ముడి వాదన. అతని ఆట అదే కదా, మారింది బెంచీ! ఆ బెంచీ బలాన్ని విడదీసి లెక్క చూసే పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.