యుద్ధకాలపు జనాభిప్రాయం: రష్యా, ఉక్రెయిన్ సర్వేల అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

నీలిమేఘం:
2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పటి నుంచి రెండు దేశాల సర్వేలనూ గమనిస్తున్నాను. తమ సైన్యం చర్యలను రష్యన్లలో 81 శాతం మంది సమర్థిస్తున్నారని ఆ మార్చిలో అక్కడి స్వతంత్ర సర్వే సంస్థ లెవాడా సెంటర్ ప్రకటించింది. అక్కడ ఉండి వచ్చినవారు ఇళ్లలో, వీధుల్లో ఎలాంటి వాతావరణం చూశారో, కాలం గడిచేకొద్దీ అది ఎలా మారిందో రాయగలరా? ఉక్రెయిన్ విడిచి వెళ్లినవారి అభిప్రాయం ఎవరైనా లెక్కిస్తున్నారా?

లెక్కలపుస్తకం:
పదిహేనేళ్లుగా సర్వేల రంగంలోనే ఉన్నాను కనుక ఈ విషయం నేను చెప్పగలను. ఆ 81లో గట్టిగా సమర్థించినవారు 53 శాతమే, మిగిలిన 28 శాతం "సమర్థిస్తామనే చెప్పాలి" అన్న ధోరణివారు. సైన్యాన్ని అప్రతిష్ఠపాలు చేస్తే 30 వేల నుంచి 50 వేల రూబుళ్ల జరిమానా, సైన్యం గురించి "అబద్ధాలు" వ్యాపింపజేస్తే 15 ఏళ్ల వరకు జైలు అనే చట్టాలు మార్చి 4నే వచ్చాయి. ఆ తర్వాత తలుపు తట్టి అడిగిన అపరిచితుడికి మనసులోని మాట ఎంతమంది చెబుతారు?

ఖార్కివ్_పూర్వవిద్యార్థి:
భయం అనే ఒక్క మాటతో అందరినీ నిర్దోషులను చేయకండి. నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరంలో ఉండగా బాంబులు పడ్డాయి, మెట్రో స్టేషన్‌లో ఆరు రాత్రులు గడిపాను. మా ఇంటి యజమానురాలి సొంత చెల్లెలు సరిహద్దుకు అవతల, రష్యాలోని బెల్గొరోద్‌లో ఉండేది. పేలుళ్ల చప్పుడు ఫోన్‌లో వినిపిస్తూ ఉండగానే "మీవాళ్లే మీమీద కాల్చుకుంటున్నారు" అని ఆమె అక్కతో వాదించింది. ఆ మాట అనమని ఏ అధికారీ ఆమె పక్కన నిలబడి చెప్పలేదు.

లెక్కలపుస్తకం:
ఒక కుటుంబం కథతో దేశాన్ని కొలవలేము. 2022లోనే పరిశోధకులు రష్యాలో జాబితా పద్ధతిని ప్రయోగించారు. అందులో కొన్ని వాక్యాలిచ్చి, ఎన్నింటితో ఏకీభవిస్తారో సంఖ్య మాత్రమే చెప్పమంటారు, ఏవో చెప్పనక్కరలేదు. ఒక వర్గానికి మాత్రమే యుద్ధ సమర్థన వాక్యం కలిపి ఇచ్చి, రెండు వర్గాల సగటుల తేడా చూస్తారు. నేరుగా అడిగినప్పుడు 68 శాతంగా ఉన్న యుద్ధ సమర్థన ఈ పద్ధతిలో 53కు తగ్గింది. దాచుకున్న అభిప్రాయం ఎంతో దీనివల్ల తెలుస్తుంది.

ఖార్కివ్_పూర్వవిద్యార్థి:
53 కూడా సగానికి పైనే కదండీ! మీ లెక్క నా మాటనే రుజువు చేస్తోంది. పదిహేనేళ్ల అనుభవం గురించి చెప్పేముందు ఆ సంగతి ఒప్పుకోండి.

మాస్కోలో_ఆరేళ్లు:
మీరిద్దరూ సమర్థన, వ్యతిరేకత అనే రెండు గడుల్లోనే వాదిస్తున్నారు. నేను పనిచేసిన చోట ఎక్కువమంది ఈ రెంటిలోనూ ఇమిడేవారు కారు, అసలు ఆ ప్రస్తావనే రాకుండా చూసుకునేవారు. భోజనాల బల్ల దగ్గర ఎవరైనా వార్త ఎత్తితే మాట వెంటనే పిల్లల చదువుల మీదికి మళ్లేది. 2022 సెప్టెంబరు 21న మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలుస్తామని ప్రకటించిన రోజే ఆ మౌనం పగిలింది. మధ్యాహ్నానికి నా పక్క సీటు సహోద్యోగి పొరుగు దేశం జార్జియాకు దారి వెతుకుతున్నాడు. ఆ వార్త వినగానే ఆందోళన, భయం కలిగాయని లెవాడా సర్వేలోనే 47 శాతం మంది చెప్పారు. అక్టోబరుకల్లా 57 శాతం మంది చర్చలు మొదలుపెట్టాలన్నారు. అంటే యుద్ధం తమ గడప తొక్కినప్పుడు అవే మనుషులు అదే సంస్థకు వేరే జవాబు ఇచ్చారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: ఆ గడప అవతల జరిగినదాన్ని అంతకుముందు ఏడు నెలలు చూడకుండా ఉండగలిగాము. ఆ "మేము"లో నేనూ ఉన్నాను.

తూర్పుగాలి:
ఉక్రెయిన్ వైపు అంకెలను ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. గెలిచేదాకా పోరాడాలన్నవారు అమెరికా సర్వే సంస్థ గ్యాలప్ లెక్కలో 2022లో 73 శాతం, 2025లో 24 శాతం. అక్కడ జనం చేతులెత్తేశారనే నా అభిప్రాయం.

ఖార్కివ్_పూర్వవిద్యార్థి:
ఈ మాట నేను సహించలేను. అలసట వేరు, లొంగుబాటు వేరు. చర్చలు కావాలన్నంత మాత్రాన ఏ షరతుకైనా ఒప్పుకున్నట్టు కాదు. అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తగ్గించే చట్టం 2025 జూలైలో వచ్చినప్పుడు, సైనిక శాసనం అమలులో ఉండగానే కీవ్‌లో యువత అట్టముక్కలపై నినాదాలు రాసి వీధుల్లోకి వచ్చింది. ఆ నెల ముగిసేలోగా పార్లమెంటు ఆ అధికారాలను తిరిగి ఇచ్చింది. చేతులెత్తేసినవారు అలా చేస్తారా?

తూర్పుగాలి:
మరి మగవాళ్లను వీధిలో ఆపి వ్యానుల్లో ఎక్కించి సైన్యంలోకి తీసుకుపోవడానికి అక్కడివారే "బుసిఫికాత్సియా" అని పేరు పెట్టుకున్నారు కదా. ఆ కోపాన్ని కూడా లెక్కలో వేయండి.

ఖార్కివ్_పూర్వవిద్యార్థి:
వేస్తాను. నా సహపాఠి అన్న అలాగే వెళ్లాడు. వాళ్ల అమ్మ ఆ అధికారులను తిడుతుంది, రష్యా మీద కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకే గొంతులో వింటున్నాను.

లెక్కలపుస్తకం:
నీలిమేఘం గారి చివరి ప్రశ్నకు నా జవాబు. కీవ్ అంతర్జాతీయ సామాజిక శాస్త్ర సంస్థ ప్రభుత్వ అధీనంలోని ప్రాంతాల్లో ఫోన్ ద్వారా అడుగుతుంది. దేశం విడిచి వెళ్లినవారు, ఆక్రమిత ప్రాంతాలవారు ఆ అంకెల్లోకి రారు. ఖార్కివ్ మిత్రమా, 53 సగానికి పైనే అన్న మీ మాటను ఒప్పుకుంటున్నాను. ఆ అక్కాచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకున్నారా?

ఖార్కివ్_పూర్వవిద్యార్థి:
లేదు. ఆవిడ చెల్లెలి నంబరు ఇంకా తీసేయలేదు.