గడ్డే లేదు, ఊపిరితిత్తి నీటిలో లింఫోమా అనుమానం. మళ్ళీ నీరు తీయాలా?

ప్రశ్న (గుంటూరు అబ్బాయి): మా నాన్నగారికి 67 ఏళ్ళు. రెండు నెలల క్రితం కుడి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు లీటరు దాకా తీశారు. ఏడీఏ (క్షయ అనుమానంతో ఆ నీటిలో కొలిచే ఎంజైము) 78 రావడంతో క్షయ మందులు మొదలుపెట్టారు. నీరు మళ్ళీ నిండింది. మొన్న తీసిన నీటిలో పెద్ద, అసాధారణ లింఫాయిడ్ కణాలున్నాయని, లింఫోమా (ఆ లింఫాయిడ్ కణాల క్యాన్సర్) కావచ్చని రాశారు. స్కానులో గడ్డ ఎక్కడా లేదు. ఇప్పుడు మళ్ళీ నీరు తీయాలంటున్నారు. ఆయన సూది అంటేనే ముఖం తిప్పుకుంటున్నారు. మొన్నటి సీసాతో సరిపెట్టలేరా?

జవాబు (సూక్ష్మదర్శిని): ఇరవై ఏళ్ళుగా సైటాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ముందు ఒక్కటి కనుక్కోండి: ఆ సీసాలో ఫార్మలిన్ (కణాలు కుళ్ళకుండా పోసే రసాయనం) పోశారా? పోసి ఉంటే ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపి వాటి రకం తేల్చే పరీక్షకు) పనికిరాదు. దానికి బతికున్న కణాలు కావాలి, ఫార్మలిన్ పడ్డది ఉడికిన గుడ్డే. అయినా పారేయనివ్వకండి, సెల్ బ్లాక్ చేయవచ్చు. నీటిని సెంట్రిఫ్యూజులో తిప్పితే అడుగున పెసరగింజంత ముద్ద దిగుతుంది. దాన్ని మైనంలో బిగించి, పలుచని పొరలుగా కోసి, ఒక్కో పొరకు ఒక్కో మార్కర్ (కణం రకం చెప్పే ప్రోటీన్) పరీక్ష చేస్తాం.

గడ్డ లేకుండా నీటిలోనే పెరిగే ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా అని అరుదైన రకం ఉంది. బీ కణాల లింఫోమాల్లో మామూలుగా కనిపించే సీడీ20 అనే మార్కర్ ఇందులో సాధారణంగా ఉండదు. అదొక్కటే చూసి ‘లేదు’ అని రాసేస్తే జబ్బు చేజారినట్టే. సీడీ138, సీడీ30 కూడా చూడమనండి. హెచ్‌హెచ్‌వీ-8 వైరస్ పరీక్షలో కణ కేంద్రకంలో గోధుమరంగు చుక్కలు కనబడ్డాయంటే అనుమానం బాగా బలపడుతుంది. ఇది ఎక్కువగా హెచ్‌ఐవీ ఉన్నవారికి వస్తుంది కనుక ఆ పరీక్ష అడిగితే నొచ్చుకోకండి. పెద్ద వయసులో హెచ్‌హెచ్‌వీ-8 లేని, సీడీ20 ఉన్న మరో రకమూ కనిపిస్తుంది. అది చికిత్సకు కాస్త మెరుగ్గా లొంగుతుంది.

జవాబు (తెనాలి కోడలు): మా అత్తయ్యగారికీ ఏడీఏ చూసే క్షయ అన్నారు, చివరికి లింఫోమా అని తేలింది. ఏడీఏ 40 దాటితే క్షయ అనుకోవడం మన దగ్గర అలవాటు. లింఫోమాలోనూ ఏడీఏ పెరుగుతుందట. అలాగని క్షయ మందులు మీ అంతట మీరు ఆపకండి.

గుంటూరు అబ్బాయి: ఫోను చేశాను. ఫార్మలిన్ పోశారట. సెల్ బ్లాక్ చేయమన్నాను. సోమవారం ఉదయం తాజాగా నీరు తీస్తారు. ఫ్లోకు ఎంత పంపాలి?

సూక్ష్మదర్శిని: తీసినదాంట్లో కనీసం 50 మిల్లీలీటర్లు, వీలైతే ఇంకా ఎక్కువ. ఫార్మలిన్ వద్దు, ఏ గొట్టంలో పోయాలో ల్యాబును ముందే అడగండి. ఆ పూటే చేరాలి. శనివారం సాయంత్రం తీసి సోమవారం దాకా బల్లమీద వదిలేసిన సీసాలు బోలెడు చూశాను, మీరు సోమవారం ఎంచుకోవడం మంచిదైంది.