అప్‌డేట్: తాడు చూస్తే ఎగిరిపడే మా గుర్రప్పిల్ల

రెండు నెలల కిందట అడిగాను కదా, చంద్రగిరి దగ్గర మా తోటలోని రెండేళ్ల మార్వారీ జాతి ఆడ గుర్రప్పిల్ల తలకు తాడు వేయనివ్వడం లేదు, ముందుకాళ్లు పైకెత్తేస్తోంది, ఏం చేయాలని. కొట్టి లొంగదీయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ పని నేను చేయలేదు.

మొదటి పది రోజులు తాడే ముట్టలేదు. ఉలవల బకెట్ పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక కనబడదని మీలో ఒకరు చెప్పారు. నేనేమో ఇన్నాళ్లూ సూటిగా ముఖం మీదికే వెళ్తున్నాను! ఇప్పుడు భుజం పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్తున్నాను. చెవులు వెనక్కి వాల్చితే ఉన్నచోటే ఆగిపోతాను. ఒక్క చెవి నావైపు తిప్పినా చాలు, రెండడుగులు వెనక్కి తగ్గుతాను. ఒత్తిడి తీసేసిన ఆ క్షణంలోనే అది నేర్చుకుంటోంది, కళ్లారా చూశాను.

మొన్న తాడును తానే వాసన చూసి, తల దించి, నోరు చప్పరించింది. నిన్న వేయనిచ్చింది. నాకు ఏడుపొచ్చింది అన్నా.

వెనక కాళ్ల దగ్గర మాత్రం ఇంకా టెన్షనే. తొడ దాకా నిమరనిస్తుంది, డెక్క ఎత్తనివ్వదు. సవారీ మాట ఇప్పుడే లేదు, ఎముకలు ఇంకా ఎదగాలి.