పల్ప్ ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్: ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌కి ఎన్ని రోజులు అడగాలి?

రేణిగుంట_క్యూఏ:

తిరుపతిలో చిన్న టీమ్ మాది. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి కాయ కొనుగోలు సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. మొత్తం ఏడు మాడ్యూళ్లు: గేటు టోకెన్, కాటా, గ్రేడింగ్-రేటు, రైతు ఖాతా, బ్యాంకు చెల్లింపు, ఎస్సెమ్మెస్, టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్). దేనికది విడిగా చూసే యూనిట్ టెస్టులు అయిపోయాయి, అన్నీ కలిపి చూసే ఇంటిగ్రేషన్ టెస్టింగ్ మిగిలింది. డెవలప్‌మెంట్‌కి 100 మ్యాన్‌డేస్ (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మ్యాన్‌డే) పట్టింది కాబట్టి ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌కి అందులో 20 శాతం, అంటే 20 మ్యాన్‌డేస్ చాలంటున్నారు మేనేజర్. టెస్టర్లు ఇద్దరు. జూన్‌లో తోతాపురి కాయ దిగేలోపు లైవ్ కావాలి.

20 సరిపోదని అనిపిస్తోంది గానీ అనిపిస్తోందంటే ఎవరూ ఒప్పుకోరు కదా. ఏ లెక్క చూపించి అడగాలో చెప్పండి.

కాటా_కోడర్_చిత్తూరు:

ఆ 20 శాతంలో కోడ్ ఎంత రాశారన్నది ఉంది, అతుకులు, అంటే ఒక మాడ్యూల్ ఇంకోదానికి డేటా ఇచ్చే చోట్లు, ఎన్నున్నాయన్నది లేదు. ఈ టెస్టింగ్ జరిగేది అతుకుల దగ్గరే. ముందు కాగితం మీద ఏడు డబ్బాలు గీసి, డేటా ఎటు నుంచి ఎటు పోతుందో బాణాలు వేయండి.

ఏడింటి మధ్య లెక్క ప్రకారం 7×6÷2, అంటే 21 జతలు కుదురుతాయి. మీ దాంట్లో నిజంగా మాట్లాడుకునేవి ఏడు జతలే: టోకెన్-కాటా, కాటా-గ్రేడింగ్, గ్రేడింగ్-ఖాతా, ఖాతా-టోకెన్ (రైతు నంబరు కోసం), ఖాతా-బ్యాంకు, ఖాతా-ఎస్సెమ్మెస్, ఖాతా-టాలీ. వీటిలో రెండింటికి తిరుగు బాణం కూడా ఉంటుంది. ఖాళీ బండి తూకం అయ్యాక కాటా గేటుకి చెప్పాలి, చెల్లింపు స్టేటస్ బ్యాంకు నుంచి వెనక్కి రావాలి. దాంతో తొమ్మిది. పదోది మీ జాబితాలోనే లేదు: కాటా ఇండికేటర్ (బరువు అంకె చూపించే పెట్టె) నుంచి కంప్యూటర్‌కి వచ్చే సీరియల్ వైరు. అది కూడా ఒక అతుకే. నా దృష్టిలో మీ ప్రాజెక్టులో బ్యాంకు తర్వాత కష్టమైనది అదే.

ఈ పదింటిలో ఐదింటికి రెండు కొసలూ మీ చేతిలో ఉన్నాయి. తప్పు దొరికితే పక్క సీట్లో ఉన్న డెవలపర్ ఆ రోజే సరిచేస్తాడు. టెస్ట్ కేసులు రాయడం, డేటా, మొదటి రన్ కలిపి ఒక్కోదానికి ఒకటిన్నర రోజు వేసుకోండి: 7.5. మిగతా ఐదింటికి అవతలి కొస వేరేవాళ్ల చేతిలో ఉంది. ఇండికేటర్‌కి 4, బ్యాంకుకి పంపడానికి 5, బ్యాంకు స్టేటస్‌కి 4, ఎస్సెమ్మెస్‌కి 2, టాలీకి 3. మొత్తం 18. రెండూ కలిపితే 25.5.

సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. ఇంకా మూడు పద్దులున్నాయి. టెస్ట్ సర్వరు, డేటా, స్టబ్బులు (అవతలి సిస్టమ్ బదులు నకిలీ జవాబులిచ్చే ప్రోగ్రాములు) తయారు చేయడానికి 6. తప్పులు సరిచేశాక మళ్లీ రన్ చేయాలి, ఒక్కో రౌండుకి మొదటి పనిలో మూడో వంతు పడుతుంది. 25.5లో మూడో వంతు 8.5, రెండు రౌండ్లకి 17. టోకెన్ నుంచి రైతు ఫోనుకి మెసేజ్ వెళ్లేదాకా మొత్తం ఒక చుట్టు తిప్పి చూడటానికి 4. అంతా కలిపి 52.5. రోజుల అంకెలు నా అంచనా, మీ టీమ్‌ని బట్టి మార్చుకోండి. పద్దులు మాత్రం తీసేయకండి.

పలమనేరు_టెస్ట్‌బెంచ్:

ఇండికేటర్‌కి 4 రోజులా అని మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఇది ఉంచుకోండి.

చాలా ఇండికేటర్లు ఆర్‌ఎస్-232 అనే సీరియల్ వైరు మీద బరువుని ఆగకుండా పంపుతూనే ఉంటాయి. మొదట ఒక ప్రారంభ గుర్తు, తర్వాత అంకెలు, చివర ముగింపు గుర్తు. ఈ మొత్తాన్ని ఫ్రేమ్ అంటారు. ప్రోగ్రామ్ ఆ ప్రారంభ గుర్తు కోసం చూడకుండా బఫర్‌లో (వచ్చిన బైట్లు నిలిచే చోట) ఉన్నది ఉన్నట్టు చదివితే మధ్యలో తెగిన ముక్క దొరుకుతుంది. 12,340 కిలోల బండి 2,340గా ఎక్కుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, అంకె చూడటానికి బాగానే ఉంటుంది. యూనిట్ టెస్టులో ఇది దొరకదు, ఎందుకంటే అక్కడ మనమే పూర్తి ఫ్రేమ్ ఇస్తాం.

ఇంకోటి స్థిరత్వం. బండి ప్లాట్‌ఫారం మీదికి ఎక్కుతున్నప్పుడు అంకె ఊగుతుంటుంది. స్థిరపడిందన్న గుర్తు ఇండికేటర్ పంపితే అది చూసి తీసుకోవాలి, పంపకపోతే వరుసగా కొన్ని రీడింగులు ఒకటే వచ్చేదాకా ఆగాలి. బాడ్ రేటు (వైరు మీద డేటా వేగం) కాటాలో 2400, మీ ప్రోగ్రాంలో 9600 ఉంటే చెత్త అక్షరాలు వస్తాయి, అది వెంటనే తెలిసిపోతుంది. తెగిన ఫ్రేమే ప్రమాదం.

మీ అంచనాని తిప్పేసే సంగతి ఇంకొకటుంది. సీజన్ మొదలవకముందు ఫ్యాక్టరీకి కాయ లారీలు రావు, కాటా ఖాళీగా ఉంటుంది. అందుకని ఒక్కరోజు ఫ్యాక్టరీకి వెళ్లి, ఏదో ఒక బండిని ఎక్కించి దించుతూ వైరు మీద వచ్చే బైట్లన్నీ ఫైల్లో పట్టుకోండి. తిరుపతికి తెచ్చి కామ్‌0కామ్ లాంటి వర్చువల్ పోర్టు జతలో (కంప్యూటర్లోనే వైరులా పనిచేసే సాఫ్ట్‌వేర్) అదే ఫైలు నడిపిస్తే ఆఫీసులోనే ఎన్నిసార్లయినా టెస్ట్ చేయొచ్చు. ఇది చేయకపోతే ప్రతి రీటెస్టుకీ చిత్తూరు పోయిరావాలి. 4 రోజులు 8 అవుతాయి.

కాటా-గ్రేడింగ్ మధ్య కొలమానం కూడా చూడండి. కాటా కిలోల్లో ఇస్తుంది, రేటు టన్నుకి చెబుతారు. తరుగు శాతమా, బండికి ఇన్ని కిలోలా? 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి అతుకు దగ్గరే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, రెండోది న్యూటన్ సెకన్లు అనుకుని చదివింది.

తిరుచానూరు_రిలీజ్:

బ్యాంకుకి ఒకే అంకె రాయకండి. మూడు రాయండి. పంపడం, స్టేటస్ కలిపి అంతా కలిసొస్తే 6 రోజులు, మామూలుగా 9, అన్నీ అడ్డం తిరిగితే 24. మధ్యదాన్ని నాలుగుతో హెచ్చించి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగించండి: (6+36+24)÷6 = 11. అటూ ఇటూ ఊగేది (24−6)÷6, అంటే 3 రోజులు. పై లెక్కలో 9 వేశారు కాబట్టి మొత్తం 54.5 అవుతుంది. ఎస్సెమ్మెస్ లాంటి వాటికి ఈ శ్రమ అక్కర్లేదు.

ఆ 24 ఎందుకంటే, బ్యాంకు టెస్ట్ సర్వరులోకి మీ ఐపీ అడ్రసుని అనుమతించాలి, సర్టిఫికెట్ రావాలి, ఫైల్ ఫార్మాట్ ఖాయం కావాలి. ఈ పని కాక, వీటి కోసం ఎదురుచూపు కూడా ఉంటుంది. అది మ్యాన్‌డేస్‌లో కనిపించదు, క్యాలెండర్‌ని మాత్రం తినేస్తుంది. రెంటికీ వేర్వేరు కాలమ్స్ పెట్టండి. బ్యాంకుకి దరఖాస్తు ఈ వారమే పంపండి, టెస్టింగ్ మొదలయ్యాక పంపితే ఇద్దరు టెస్టర్లూ ఖాళీగా కూర్చోవాలి.

కేసుల్లో తప్పనిసరిగా ఉండాల్సింది: చెల్లింపు ఆదేశం వెళ్లింది, బ్యాంకు తీసుకుంది, జవాబు మాత్రం మనదాకా రాలేదు. ప్రోగ్రామ్ టైమౌట్ అనుకుని మళ్లీ పంపితే రైతుకి రెండుసార్లు డబ్బు పడుతుంది. ప్రతి చెల్లింపుకీ మారని రెఫరెన్స్ నంబరు ఉండాలి, తిరిగి పంపినా అదే నంబరు వెళ్లాలి. దీన్ని అసలు సర్వరు మీద పరీక్షించలేం, జవాబుని కావాలని ఆలస్యం చేసే స్టబ్ కావాలి. వైర్‌మాక్ అనే టూల్‌తో చేయొచ్చు.

ఇంకొకటి, నెఫ్ట్ (బ్యాంకుల మధ్య డబ్బు బదిలీ పద్ధతి) 2019 డిసెంబరు నుంచి 24 గంటలూ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తోంది. ఖాతా నంబరు తప్పైతే డబ్బు ఆ తర్వాత వెనక్కి వస్తుంది. అంటే ముందు ‘పంపాం’ అని వచ్చిన చెల్లింపు కాసేపటికి ‘తిరిగొచ్చింది’ అవుతుంది. మీ రైతు ఖాతాలో ఆ స్థితికి చోటుందా? లేకపోతే ఈ టెస్ట్ దగ్గర డిజైనే మారుతుంది, అప్పుడు మూడో రౌండ్ తప్పదు. ఖాతా నంబర్లు ఎక్సెల్ మీదుగా వస్తుంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, అది కూడా చూడండి.

ఎస్సెమ్మెస్ సంగతి క్లుప్తంగా: డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్సెమ్మెస్ నమోదు వ్యవస్థ) నమోదైన టెంప్లేట్‌తో అక్షరం తేడా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది. తెలుగులో పంపితే ఒక మెసేజ్‌కి 70 అక్షరాలే, దాటితే ముక్కకి 67. గుణింతాలు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. పొడుగాటి పేరున్న రైతుతో తప్పకుండా టెస్ట్ చేయండి.

రేణిగుంట_క్యూఏ:

చాలా ఉపయోగపడింది. బాణాలు గీశాం, పదే వచ్చాయి. పాత ప్రాజెక్టులో 20 శాతం సరిపోయిందని మేనేజర్ మళ్లీ అంటున్నారు. ఇంకో చిక్కు, క్యాలెండర్‌లో మాకున్నవి 20 పనిరోజులే. ఇద్దరికి కలిపి 40 మ్యాన్‌డేస్. ఏది తగ్గించాలి? ఆటోమేట్ చేస్తే తగ్గుతుందా?

కాటా_కోడర్_చిత్తూరు:

శాతం లెక్క పూర్తిగా తప్పని అనను. పాత ప్రాజెక్టు కూడా ఇలాంటిదే అయితే పనికొస్తుంది. అందులో బయటివాళ్ల చేతిలో ఉన్న బాణాలు ఎన్నో అడగండి. ఒకటో రెండో ఉండి ఇప్పుడు ఐదైతే పోలికే లేదు.

ఆటోమేషన్ సంగతి. మీ సొంత ఐదు బాణాలకి స్క్రిప్టులు రాయడానికి 6 రోజులు పడుతుందనుకుందాం. చేత్తో రీటెస్ట్ చేస్తే రౌండుకి 2.5. రెండు రౌండ్లకి 5, కిట్టదు. మూడు రౌండ్లకి 7.5, అప్పుడు కిట్టుతుంది. సీజన్ మధ్యలో రేటు పద్ధతి మారుతుందని తెలిస్తే ఇప్పుడే రాయండి, లేదంటే వదిలేయండి.

తగ్గించడానికి నేనైతే టాలీని ముందు తీస్తాను. మొదటి రెండు వారాలు అకౌంటెంట్ రోజు చివర మొత్తాలు చేత్తో ఎక్కించినా రైతుకి నష్టం లేదు. మొదటి పని 3, రౌండుకి 1 చొప్పున 2, మొత్తం 5 తగ్గి 49.5 అవుతుంది. తర్వాత చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: వోచరు ఎక్కకపోయినా టాలీ హెచ్‌టీటీపీ 200 (అంతా సరే) అనే జవాబివ్వొచ్చు. లోపలి ఎక్స్‌ఎంఎల్‌లో ఎన్ని ఎక్కాయి, ఎన్ని తప్పాయి అన్న అంకెలు చదవాలి.

స్టబ్బులు, డేటా తయారీ 6 రోజులు డెవలపర్లకి ఇవ్వండి, ఫార్మాట్లు వాళ్లకే బాగా తెలుసు. 43.5 మిగులుతుంది. చేతిలో ఉన్నది 40. ఆ మూడున్నర రోజుల కోసం రీటెస్ట్ రౌండు కోయొద్దు. బ్యాంకు, ఇండికేటర్ అసలు ముట్టుకోవద్దు. ఇంకో మనిషిని నాలుగు రోజులకి అడగండి, చివరి చుట్టు తిప్పేటప్పుడు గేటు దగ్గర ఒకరు, కాటా దగ్గర ఒకరు, ఆఫీసులో ఒకరు ఎలాగూ కావాలి.

పలమనేరు_టెస్ట్‌బెంచ్:

వరుస కూడా ముందే రాసుకోండి. పదీ ఒకేసారి కలిపి నడిపిస్తే తప్పు ఏ అతుకులో ఉందో వెతకడానికే సగం రోజులు పోతాయి. ఇండికేటర్-కాటా మొదట, దాని మీద టోకెన్, తర్వాత గ్రేడింగ్, ఖాతా. అదే సమయంలో రెండో టెస్టర్ స్టబ్ పెట్టుకుని బ్యాంకు వైపు నుంచి రావాలి. ఇద్దరూ రైతు ఖాతా దగ్గర కలుస్తారు. అక్కడికి చేరేలోపు ఖాతా టేబుల్ కాలమ్స్ మార్చకూడదని డెవలపర్లతో తేదీ వేసి రాయించుకోండి. ఆ తేదీ తర్వాత కాలమ్ మారితే ఖాతాని తాకే బాణాలన్నీ మళ్లీ రన్ చేయాలి, మీ పదింటిలో అవి ఆరు.