ఉప్పుగాలికి ట్రాలీ ఆటో ఛాసిస్ (అడుగు ఇనుప చట్రం) తుప్పు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మూడేళ్లుగా ఇసకపల్లి ఉప్పు కొఠార్ల నుంచి అల్లూరుకు బస్తాలు తోలుతున్నాను. నిన్న బండి కిందకు దూరి స్క్రూడ్రైవర్‌తో గీస్తే ఛాసిస్ అప్పడంలా పెచ్చులు రాలింది. తుప్పు పట్టకుండా బండి అడుగున వేసే నల్లపూత వేయిస్తే ఆగుతుందా?

జవాబు: అన్నా, తుప్పు మీద మాత్రం పూత వేయించకండి! పైకి నిగనిగలాడుతుంది, లోపల చిక్కిన తేమ ఇనుమును తినేస్తుంది. మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి, బాగా ఎండబెట్టి, వైరు బ్రష్‌తో ఇనుము తెల్లగా తేలేదాకా గీకండి. అదే రోజు జింక్ ప్రైమర్ (తుప్పును ఆపే తొలి పూత) కొట్టాలి. ఆరాకే నల్లపూత.

మరో జవాబు: ఛాసిస్‌లో నీళ్లు బయటికి పోయే రంధ్రాల్లో మట్టి తీయించండి. నా బండి కృష్ణపట్నం దారిలో లోడుతో విరిగింది అక్కడే.

అడిగినవారు: సుత్తితో తట్టాను. వెనక కమాను కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) దగ్గర ఖంగుమనడం లేదు, మొద్దుగా మోగుతోంది.

జవాబు: అయితే అక్కడ ఇనుమును తుప్పు లోపల తినేసినట్టే, ముందు వెల్డింగ్ అన్నా. అప్పటిదాకా ఒక్క బస్తా కూడా ఎక్కించకండి.