గర్భంతో ఉండగా పారాసెటమాల్ వేసుకుంటే బిడ్డకి ఆటిజం వస్తుందా? ఇది ఎలా తేలుస్తారు?

చిన్నూ వాళ్ళమ్మ, గుంటూరు:
మా బాబుకి నాలుగేళ్లు, ఆటిజం. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు పారాసెటమాల్ గురించి చెప్పిన దగ్గర్నుంచి మా ఆడపడుచుది ఒకటే మాట: "ఐదో నెలలో జ్వరమొస్తే మాత్రలు మింగావు కదా వదినా!" పరిశోధనల్లో సంబంధం కనిపించిందంటున్నారు. మరి కాదనేవాళ్ళు దేన్ని చూసి కాదంటున్నారు? ధైర్యం చెప్పకండి, లెక్క చెప్పండి.

వనజ, హైదరాబాద్:
లెక్కే చెప్తానండీ. మందుల పరీక్షల డేటా చూడటమే నా ఉద్యోగం.

కొన్ని పరిశోధనల్లో సంబంధం కనిపించిన మాట నిజమే. కానీ మాత్ర ఊరికే ఎవరూ వేసుకోరు కదా. జ్వరమో, మైగ్రేనో ఉంటేనే వేసుకుంటారు. వేసుకున్నవాళ్ళనీ వేసుకోనివాళ్ళనీ ఊరికే పోలిస్తే, తేడా మాత్రదో, జ్వరానిదో, ఆ కుటుంబపు జన్యువులదో తెలీదు. అందుకే స్వీడన్‌లో ఒకే తల్లి పిల్లల్ని పోల్చారు. ఒక బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మాత్ర వేసుకుంది, ఇంకో బిడ్డప్పుడు వేసుకోలేదు. 1995 నుంచి 2019 దాకా పుట్టిన సుమారు 24.8 లక్షల మంది రికార్డులవి, 2024లో అచ్చయింది. మామూలుగా పోలిస్తే ఆటిజం 5 శాతం ఎక్కువ కనిపించింది. తోబుట్టువుల్ని పోల్చేసరికి ఆ కాస్తా పోయింది.

నాకు మండేది ఇంకోటుంది. తల్లిని బోనెక్కించడం ఇది మొదటిసారి కాదు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజమని అమెరికాలో ఏళ్లతరబడి చెప్పారు. షికాగోలో మానసిక సమస్యలున్న పిల్లల బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దానిమీద పుస్తకమే రాశాడు. తన దగ్గరున్న పిల్లల్ని చూసి చెప్పడమే తప్ప, వేరే పిల్లలతో పోల్చిందేమీ లేదు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ అనే మనోవైద్యులు బ్రిటన్‌లో 21 కవల జంటల్ని వెతికి పట్టుకున్నారు. ఒకేలాంటి కవలలు 11 జంటలైతే, 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం. మామూలు కవలలు 10 జంటలుంటే ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. ఏ రకం జంటకైనా అమ్మ ఒక్కతే, ఇల్లూ ఒక్కటే; జన్యువులు దాదాపు పూర్తిగా కలిసేది మాత్రం ఒకేలాంటి కవలలకే. ఆ 21 జంటలే జన్యువుల వైపు చూడమన్నాయి.

డాక్టరమ్మ (గైనిక్), విజయవాడ:
వనజగారూ, స్వీడన్ లెక్కలో ఒక లోటుంది. మాత్ర వాడినట్టు నమోదైన తల్లులు 7.5 శాతమే. చీటీ లేకుండా దొరికే మందు, అసలు వాడేవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ. వాడినవాళ్ళు వాడనివాళ్ళ లెక్కలో కలిసిపోతే, తేడా ఉన్నా మసకబారుతుంది. అయినా జ్వరంతో వచ్చే గర్భిణికి నేను రాసేది పారాసెటమాలే. ఒళ్లు కాలిపోతుంటే వదిలేయడం బిడ్డకి మంచిది కాదు.

వనజ, హైదరాబాద్:
నిజమే డాక్టరుగారూ, తోబుట్టువుల పోలికలో ఆ మసక ఇంకా పెరుగుతుంది కూడా. అందుకే తేడా సున్నా అని తేలిపోయిందనను. కానీ చిన్నూ వాళ్ళమ్మగారూ, మీ ఐదో నెల జ్వరం మాత్రలకీ బాబు ఆటిజానికీ ముడిపెట్టే ఆధారం మాత్రం మీ ఆడపడుచు దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు.